‘నిరుద్యోగి’ ఎవరు? నూటికి 3.2 అంటే ఎవరి నూటికి?

అడిగినవారు:
సర్వే నివేదిక ఒకటి తెలుగు చేస్తున్నాను. 2023 జులై నుంచి 2024 జూన్ వరకు, 15 ఏళ్లు, ఆపైబడినవాళ్లలో నిరుద్యోగ రేటు 3.2 శాతం అని ఉంది. ‘నూటికి ముగ్గురికి ఉద్యోగం లేదు’ అని రాస్తే అంకె సరిగ్గానే ఉన్నా హైదరాబాద్‌లో చదివేవాళ్లెవరూ నమ్మేలా లేరు. తేడా ఎక్కడొచ్చింది?

సర్వే పని తెలిసినవారు:
‘నూటికి’ దగ్గర ఒకటి, ‘ఉద్యోగం’ దగ్గర ఒకటి. మీ నివేదిక పిరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వేది, అంటే దేశంలో పని, నిరుద్యోగం లెక్కగట్టే కేంద్ర ప్రభుత్వ సర్వే. అందులో ఆ నూరుమందీ ఊళ్లోవాళ్లందరూ కాదు. పనిలో ఉన్నవాళ్లు, పని కావాలనేవాళ్లు, అంతే. చదువుకునేవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు, పింఛన్ మీద బతికేవాళ్లు అందులోకి రారు. అదే నివేదిక ప్రకారం ఆ వయసువాళ్లు నూరుమంది ఉంటే 60.1 మంది శ్రామిక శక్తిలో, అంటే పైన చెప్పిన లెక్కలో ఉన్నారు, 58.2 మందికి పని ఉంది. మిగిలింది 1.9. దాన్ని 60.1తో భాగిస్తే మీ 3.2 శాతం వస్తుంది. అంటే ఆ వయసువాళ్లందరిలో చూస్తే నూటికి ఇద్దరు కూడా లేరు.

ఇక రెండోది. సర్వే లెక్క ‘పని’ది, ‘ఉద్యోగం’ది కాదు. మనిషి ఏం చేస్తున్నాడన్నదాన్ని బట్టి సర్వేవాళ్లు ఒక్కొక్కరికి ఒక కోడ్ వేస్తారు. నెలజీతం కోడ్ 31. సొంతంగా బండి పెట్టుకుంటే 11. ఇంటివాళ్ల దుకాణంలో జీతం లేకుండా కూర్చుంటే 21. అడ్డా కూలీ 51. వీళ్లంతా పనిలో ఉన్నట్టే. పని లేక, వెతుకుతున్నవాళ్లకీ దొరికితే చేస్తామనేవాళ్లకీ 81. ఆ 81 ఒక్కటే మనం ‘నిరుద్యోగి’ అని తెలుగు చేస్తున్నది.

తెలంగాణ మాటలు చూసేవారు:
ఆ కోడ్లు పడాలంటే ప్రశ్న సక్కగ అడగాలె. “ఉద్యోగం ఉన్నదా?” అంటే ఆటో నడిపేటాయన, కూరగాయలు అమ్మేటామె ఇద్దరూ “లేదు” అంటరు. మన దగ్గర ఉద్యోగం అంటే కొలువు, అది గూడ సర్కారు కొలువే. పోనీ “పని చేస్తరా?” అని అడుగు, బర్రెలు చూసే ఆడామె “ఏం లేదు బిడ్డా, ఇంట్లనే ఉంట” అంటది. కోడ్ 92 పడుతది, ఇంటిపని. “బర్రెల కాడ ఎవరుంటరు? పాలు ఎవరు పిండుతరు, ఎవరికి పోస్తరు?” అని అడిగితేనే ఆమె పని బయటికొస్తది. ‘ఖాళీగున్నడు’ అన్న మాటతోని ఇంకా తిప్పలు. పని లేదనా, పని కావాలని తిరుగుతున్నడనా, పనే వద్దనా? మూడింటికీ అదే మాట.

సంస్కృతం పాఠాలు చెప్పేవారు:
మాట పుట్టుక చూస్తే ఇంకా తమాషా. ఉద్యోగం అంటే పూనిక, ప్రయత్నం. ఉద్యోగపర్వంలో పాండవులు యుద్ధ సన్నాహం చేశారు తప్ప దరఖాస్తులు పెట్టలేదు. ‘ఉద్యోగినం పురుషసింహముపైతి లక్ష్మీః’ అన్నప్పుడూ అదే అర్థం. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్న సామెత మనకు నెలజీతంగా వినిపించడం తర్వాతి సంగతి. ఆ లెక్కన నిరుద్యోగి అంటే ప్రయత్నం లేనివాడు. సర్వేలో సరిగ్గా తలకిందులు: పని వెతకడం మానేసి, దొరికినా వద్దనుకున్నవాణ్ని నిరుద్యోగుల లెక్కలోంచే తీసేస్తారు. అలాగని ఇప్పుడు మాట మార్చమనను. ఊరంతా పాతుకుపోయింది.

అడిగినవారు:
మరి అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతూ సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవాళ్లు? తమను తాము నిరుద్యోగులనే చెప్పుకుంటారు కదా.

సర్వే పని తెలిసినవారు:
ఏ కొలతతో చూస్తున్నారన్నదాన్ని బట్టి. వార్షిక అంకెకు 365 రోజులు చూస్తారు. ఎక్కువ కాలం పని కోసమే చూస్తూ గడిపినా, ట్యూషన్ కనీసం 30 రోజులు చెప్పి ఉంటే అది అనుబంధ పని కింద ఎక్కి, మనిషి పనివాళ్లలోకి వెళ్లిపోతాడు. వారం కొలతలోనైతే ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక గంట చాలు. ‘నియామకాలు’ అడుగుతున్న తెలంగాణ నిరుద్యోగి, నివేదికలోని నిరుద్యోగి చాలాసార్లు ఒకరు కారు.

పత్రిక డెస్క్ నుంచి:
ఇక్కడే హెడ్డింగులు బోల్తా కొడతాయి. 2025 ఏప్రిల్ నెలకు 5.1 శాతం అని వచ్చింది. అది వారం కొలత. పై 3.2 ఏడాది కొలత. ‘3.2 నుంచి 5.1కి ఎగబాకిన నిరుద్యోగం’ అని పెడితే తూకంరాళ్లు మార్చి తూచినట్టే. నెలను నెలతో పోల్చాలి. లేదంటే ఏడాదిని ఏడాదితో.

అడిగినవారు:
అదే ఫైల్లో ఆరోగ్యం భాగం కూడా ఉంది. ‘తెలంగాణలో శిశు మరణాల శాతం 21’, ‘మాతృ మరణాల రేటు 43’, ‘రక్తహీనత 3.9 శాతం పెరిగింది’ అని రాసుకున్నాను.

ప్రజారోగ్యం తెలిసినవారు:
మూడూ దిద్దాలండీ. 21 శాతం కాదు, వెయ్యికి 21. జనన మరణాలు లెక్కించే శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ (ఎస్‌ఆర్‌ఎస్) 2020 అంకె అది. శాతంలో 2.1 అవుతుంది, మీరు పది రెట్లు పెంచేశారు. 43 అనేది 2018–20కి, లక్షకి. పైగా అది రేటు కాదు, నిష్పత్తి. ప్రాణంతో పుట్టిన బిడ్డలు లక్షమంది అయితే ఎంతమంది తల్లులు పోయారన్నది నిష్పత్తి. 15–49 ఏళ్ల ఆడవాళ్లు లక్షమందిలో ఎంతమంది అన్నది రేటు. రెండూ ఒకే నివేదికలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కన్ను పొరబడుతుంది.

రక్తహీనత సంగతి: దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 53.1 శాతం నుంచి 57.0 శాతానికి వచ్చింది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగు, ఐదు విడతల మధ్య. పెరిగింది 3.9 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 53.1 మీద 3.9, అంటే సుమారు 7.3 శాతం. ‘పాయింట్లు’ ఇంగ్లిష్ కదా అని తీసేయకండి, అర్థం కూడా దాంతోపాటే పోతుంది. లేదా ‘53.1 నుంచి 57.0కి’ అని రెండంకెలూ రాసేయండి, గొడవే లేదు.

తెలంగాణ మాటలు చూసేవారు:
రేటు, నిష్పత్తి అనకుండ నూటికి, వెయ్యికి, లక్షకి అని రాస్తే సగం తప్పులు రావు. ఆ ‘కి’ ముందట ఎవరున్నరో రాయకుంటే వాక్యం నడువదు, గందుకే.

అడిగినవారు:
దిద్దాను, చూడండి. ‘పని ఉన్నవాళ్లు, పని కావాలనుకునేవాళ్లు కలిపి నూరుమందిలో 3.2 మందికి ఏడాది మొత్తం మీద పని లేదు. తెలంగాణలో 2020లో వెయ్యి కాన్పులకు 21 మంది బిడ్డలు ఏడాది నిండకముందే చనిపోయారు.’

ప్రజారోగ్యం తెలిసినవారు:
‘కాన్పులకు’ తీసేయండి. కవలలైతే కాన్పు ఒకటే, బిడ్డలిద్దరు. చనిపోయి పుట్టిన బిడ్డదీ కాన్పే. ‘ప్రాణంతో పుట్టిన వెయ్యిమందిలో 21 మంది’ అనండి.

సర్వే పని తెలిసినవారు:
మొదటి వాక్యంలో ‘ఏడాది మొత్తం మీద’ కూడా. ఏడాది పొడుగునా పని లేదని చదువుకుంటారు. ‘ఏడాదిలో ఎక్కువ కాలం పని కోసమే చూస్తూ, కనీసం 30 రోజుల చిన్న పని కూడా దొరకనివాళ్లు’ అని రాయండి. పొడుగే, తప్పదు.