ఆర్గాండ్ పేరు బయటపెట్టిన ఆ ఫ్రెంచి పత్రిక ఏది?

ప్రశ్న:
ఇంటర్ సెకండియర్ వాళ్ళకి సంకీర్ణ సంఖ్యలు చెబుతున్నాను. నిన్న బోర్డు మీద ఆర్గాండ్ తలం గీస్తుంటే ఒకమ్మాయి లేచి "ఆర్గాండ్ ఎవరు సార్?" అంది. నాకు తెలిసింది రెండు ముక్కలే. ఆయన సంగతి ఏదో పాత పత్రిక వల్ల తెలిసిందనీ, అది ఆగిపోయిందనీ విన్నాను. వివరం తెలిస్తే చెప్పండి.

జవాబు:
మంచి ప్రశ్న వేసిందండీ ఆ అమ్మాయి. ఆ పత్రికంటే నాకు ప్రాణం. రిటైరయ్యాక దాని పాత సంపుటాలు చూస్తూ కూర్చోవడమే నా పని.

1810లో ఫ్రాన్సులోని నీమ్ అనే ఊళ్ళో జెర్గోన్ అనే లెక్కల మాస్టారు మొదలుపెట్టాడు. నెలనెలా వచ్చేది, అచ్చంగా గణితానికే. అసలు పేరు 'శుద్ధ, అనువర్తిత గణిత అనాల్స్' (ఫ్రెంచిలో Annales de mathématiques pures et appliquées), కానీ అందరూ 'జెర్గోన్ అనాల్స్' అనేవారు.

సంకీర్ణ సంఖ్యలని తలం మీద గీసి చూపొచ్చన్న తన ఆలోచనని ఆర్గాండ్ 1806లో చిన్న పుస్తకంగా వేయించుకున్నాడు, పేరు లేకుండా. దాని సంగతి లెజాండ్ర్ అనే పేరున్న గణితవేత్త ఒక ఉత్తరంలో ఫ్రాన్సే అనే ఆయనకి రాశాడు, కర్త ఎవరో చెప్పలేదు. ఫ్రాన్సే పోయాక ఆ ఉత్తరం తమ్ముడి చేతికొచ్చింది. తమ్ముడు 1813లో ఈ పత్రికలో వ్యాసం రాసి, చివర్లో "ఈ ఆలోచన నాది కాదు, అసలు మనిషి ముందుకు రావాలి" అని అడిగాడు. ఎంత నిజాయితీ! దాచుకున్నా అడిగేవాడు లేడు. అది చూసి ఆర్గాండ్ జెర్గోన్‌కి రాశాడు. అలా పేరు బయటికొచ్చింది. అదంతా 1813-14 నాలుగో సంపుటంలో ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. మరి ఎందుకు ఆగిపోయింది?

జవాబు:
భారమంతా ఒక్క మనిషి మీదే పడింది కాబట్టి. సంపాదకుడూ ఆయనే, వ్యాసాల్లో చాలా భాగం రాసిందీ ఆయనే. 1830లో మోంపెల్యే విద్యాసంస్థకి రెక్టర్ అయ్యాడు. ఆ పనుల్లో పడి 1832కి ఆపేశాడు. నాలుగేళ్ళకి ల్యూవిల్ అనే గణితవేత్త దాదాపు అదే పేరుతో కొత్త పత్రిక పెట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది.

జెర్గోన్ ఇతరుల వ్యాసాల్లో వేలు పెట్టడం వల్ల గొడవలూ వచ్చాయి. 1826 నాటి పేజీ ఒకటి నా ముందు తెరిచి ఉంది. నిలువునా రెండు వరసలు: ఎడమవైపు బిందువులున్న చోట కుడివైపు రేఖలు, మిగతా వాక్యం అంతా ఒకటే. బిందువుల్నీ రేఖల్నీ తారుమారు చేసినా సిద్ధాంతం నిలుస్తుందనే ద్వంద్వతని కంటికి కట్టించాడు. కానీ ప్లుకర్ అనే గణితవేత్త పంపిన వ్యాసాన్ని కూడా తనే ఇలా మార్చి వేస్తే, పోన్స్‌లే అనే మరో గణితవేత్త పాపం ప్లుకర్ మీద చౌర్యం నింద వేశాడు. అది మాత్రం జెర్గోన్ తప్పేనంటాను నేను.

ఇంకొకరు:
గణితవేత్త గాల్వా మొదటి వ్యాసం 1829లో దీంట్లోనే వచ్చిందండీ, ఆవర్తన శృంఖల భిన్నాల (హారంలో మళ్ళీ భిన్నంగా సాగుతూ, అవే అంకెలు తిరిగి వచ్చేవి) మీద. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు, ఇంకా బడిలోనే ఉన్నాడు. మనం ఎనిమిదో తరగతిలో చెప్పే స్థిత్యంతర, విభాగ ధర్మాల ఫ్రెంచి పేర్లు కూడా 1814లో సెర్వ్వా అనే గణితవేత్త ఇందులోనే పెట్టాడు. పాత గణిత పత్రికలుండే నుమ్‌డామ్ (Numdam) అనే ఫ్రెంచి సైట్లో సంపుటాలన్నీ ఉచితం. నాలుగోది తెరిచి ఆ అమ్మాయికి చూపించండి.