చర్చ: ఎవరూ చూడకపోయినా ఆడేవాళ్లు ఉన్నారా?

నల్గొండ_గజ్జె:
చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఆగిపోయింది. ఈ మధ్య పిల్లలు బడికి, ఆయన డ్యూటీకి పోయాక తలుపు దగ్గరికేసి మళ్లీ ఆడుతున్నాను. జతులతో మొదలుపెడతానా, కాసేపటికి నడుము వంగి చేతులు చప్పట్లకు పోతాయి, బతుకమ్మ అడుగు వచ్చేస్తుంది. రెండూ కలిసి నాదంటూ ఒకటి తయారవుతోంది. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ, నోటితో చెప్పలేని కోపం, దిగులు, సంతోషం అన్నీ అందులోనే బయటికొస్తున్నాయి. మీకెవరికైనా ఇలా ఉందా?

పానగల్లు_పోరడు:
శాస్త్రం ఎందుకు కాదంటుంది అక్కా? నేను పేరిణి, అదే కాకతీయుల కాలం నాటి నాట్యం, నేర్చుకుంటున్నా. ఇప్పుడు మనం చూసే పేరిణి, నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్త రత్నావళి’ చదివి, రామప్ప గుడి శిల్పాలు చూసి తిరిగి నిలబెట్టింది. శిల్పంలో ఉండేది ఒక్క భంగిమే కదా. దీన్నుంచి దానికి ఎట్ల పోవాలో రాయి చెప్పదు. ఆ మధ్యలోది ఆడే మనిషే పూరించాలి. మా పచ్చల సోమేశ్వర గుడికి పోయినప్పుడల్లా చెక్కిన నర్తకుల ముందు నిలబడతా. కాలెత్తింది, తర్వాత ఎక్కడ పెడుతుంది? ఇంటికొచ్చి నాకు తోచినట్టు పెట్టి చూస్తా.

మూసీ_ఒడ్డు:
మాది సూర్యాపేట వైపు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో గజ్జెల లాగు తొడిగి, భేరీల మోతకు ‘ఓ లింగా’ అంటూ ఆడతాం. చుట్టూ ఎంత జనమున్నా నా ఆట నాదే. భేరి చప్పుడు ఛాతీకి తగిలితే చాలు, కాలు దానంతట అదే లేస్తుంది.

పాలమూరు_టీచరమ్మ:
నేను పిల్లలకు డ్యాన్స్ నేర్పుతాను. ఒక్క మాట చెప్పాలి. ‘నాకు తోచినట్టు ఆడతా’ అనడం తేలిక. గజ్జె గారికి కూచిపూడి పునాది ఉంది కాబట్టే రెండూ అట్లా కలిశాయి. అది లేకుండా ఆడితే చేతులూ కాళ్లూ ఊపినట్టే ఉంటుంది.

దేవరకొండ_తండా:
మేడమ్, మా అమ్మ ఏ గురువు దగ్గరా నేర్వలేదు. మా లంబాడీల తీజ్ పండుగ వచ్చిందంటే గోధుమ మొలకల బుట్టల చుట్టూ అందరూ ఒకే అడుగు వేస్తారు. అమ్మ మాత్రం తిరిగేటప్పుడు ఎడమ భుజం కొంచెం వెనక్కి పడేస్తుంది, ఆ ఊపుకు పేటియా (లంగా) అద్దాలన్నీ ఒక్కసారే మెరుస్తాయి. తండాలో ఇంకెవరూ అట్ల తిరగరు. మొహం కనపడకపోయినా అమ్మేనని గుర్తుపడతా. పొద్దంతా పత్తి ఏరి వచ్చి కూడా అట్లనే తిరుగుతుంది. ఇది చేతులు ఊపడమా?

పాలమూరు_టీచరమ్మ:
కాదు తల్లీ, అసలే కాదు. చిన్నప్పటి నుంచి ఆ గుంపులో తిరిగి తిరిగి వచ్చిన అడుగది. నేను పునాది అన్నది దాన్నే. మీ తండానే ఆమె గురువు. ఆ భుజం మాత్రం ఎవరూ నేర్పితే వచ్చేది కాదు. మా పిల్లలకు నేను పది అడుగులు నేర్పగలను, అదొక్కటి నేర్పలేను.

గజ్జె గారూ, మీ ఇంట్లో బండలేనా? బండల మీద రోజూ గట్టిగా అడుగు కొడితే మడమలు, మోకాళ్లు పట్టేస్తాయి. జంపఖానా వేయకండి, జారుతుంది. మందంగా ఉన్న రబ్బరు మ్యాట్ వేయండి. చాలా ఏళ్లకు మళ్లీ మొదలుపెట్టారు కాబట్టి మొదట్లో అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, మరీ కిందికి కూర్చోవద్దు.

నల్గొండ_గజ్జె:
బండలే మేడమ్, మడమలు అప్పుడే లాగుతున్నాయి. మ్యాట్ తెచ్చుకుంటా. తమ్ముడూ, పానగల్లు పక్కనే ఉండి ఆ శిల్పాలను ఎప్పుడూ అట్లా చూడలేదు, ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని వస్తా. దేవరకొండ చెల్లీ, అమ్మ ఒప్పుకుంటే ఆ తిరుగుడు దగ్గరుండి చూడాలని ఉంది.

దేవరకొండ_తండా:
శ్రావణంలో తీజ్‌కు రా అక్కా. చూస్తా అంటే అమ్మ ఊరుకోదు, చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగుతుంది.