అమ్మాయి జడకు క్లిప్పులు, జడబిళ్ళలు: కొనేటప్పుడు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి ఒక తల్లి)
మా అమ్మాయిది ఒత్తు జుట్టు, నడుము దాకా ఉంటుంది. పెద్ద క్లిప్పు ఏది కొన్నా నాలుగు రోజులకే పళ్ళు విరుగుతున్నాయి. మాఘంలో మా తమ్ముడి పెళ్ళి. జడబిళ్ళలు, జడకుప్పెలు, పాపిడిబిళ్ళ కొనాలి. కిందటి పెళ్ళిలో పెట్టిన పాపిడిబిళ్ళకు దాని నుదుటి మీద దద్దురు లేచింది. ఏది మంచిదో ఎలా పోల్చుకోవాలి?

జవాబు (విజయనగరం, ఫ్యాన్సీ దుకాణం)
అమ్మా, ముందు క్లిప్పును తిరగేసి చూడండి. రాళ్ళు, ముత్యాలు పైన అతికించేవే. క్లిప్పు ఎన్నాళ్ళు వస్తుందో చెప్పేది వెనకనున్న స్ప్రింగు, దాని మధ్యలో దూర్చిన కడ్డీ. నొక్కి వదిలితే రెండు వైపుల పళ్ళు ఒకదాని సందులోకి ఒకటి సరిగ్గా దిగాలి. పక్కకు వాలితే అక్కడే పెట్టేయండి. తరువాత గోటితో అంచు రాయండి. అచ్చుపోసిన ప్లాస్టిక్కుకు అచ్చు రెండు భాగాలూ కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. అది గరుకుగా ఉంటే వెంట్రుక చిక్కుకుని తెగేది అక్కడే. అసిటేట్ అనే మరో రకం ప్లాస్టిక్కు క్లిప్పులను రేకు నుంచి కోసి మెరుగు పెడతారు కాబట్టి నున్నగా ఉంటాయి, కొంచెం వంగి ఓర్చుకుంటాయి. ధర ఎక్కువే. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మాత్రం వాటి ఆకారం చెడిపోతుంది.

ఒత్తు జుట్టుకు పొడవాటి క్లిప్పు అడుగుతారు అందరూ. చూడవలసింది పొడవు కాదు, లోతు. పళ్ళ వంపులో ముడి మొత్తం ఇమడకపోతే ఆ ఒత్తిడంతా పళ్ళ మొదళ్ళ మీద పడుతుంది, మీవి విరిగేది బహుశా అందుకే. అమ్మాయిని వెంటబెట్టుకెళ్ళి, ముడివేసి పెట్టి చూశాకే కొనండి. సిరిమాను పండుగ రద్దీలో మా కొట్టుకు వస్తే మాత్రం అంత తీరిక నాకుండదు, ముందే చెబుతున్నాను!

జవాబు (శ్రీకాకుళం, నర్సు)
దద్దురు సంగతి. గిల్టు నగల్లో పూత కిందో, లోహంలోనో నికెల్ ఉండటం మామూలే. చెమటకు అది బయటపడి కొందరికి దురద, దద్దురు తెస్తుంది. ఒకసారి పడకపోతే ఆ తరువాత కూడా పడదనే అనుకోండి. అయస్కాంతం అంటుకోలేదు కదా అని ధీమా వద్దు, నికెల్ కలిసిన లోహాలు చాలా వాటికి అది అంటుకోదు. పాపిడిబిళ్ళ ఒక్కటైనా 925 ముద్ర ఉన్న వెండిలో తీసుకోండి. అందులో 92.5 శాతం వెండి, మిగిలినది సాధారణంగా రాగి. దద్దురు మళ్ళీ వస్తే చర్మవైద్యులకు చూపించండి.

జవాబు (విజయనగరం, కూచిపూడి నేర్పే టీచరు)
జడబిళ్ళ వెనక దారం కట్టే కళ్ళు రెండుండాలి. ఒకటే ఉంటే నడిచేటప్పుడు బిళ్ళ గిర్రున తిరిగి రాళ్ళు లోపలికి పోతాయి. రేకు అంచు లోపలికి మడిచి ఉందో లేదో వేలితో తడమండి, పదునుగా ఉంటే జుట్టును కోస్తుంది. జిగురుతో అంటించిన రాళ్ళు వద్దే వద్దు, చుట్టూ గోళ్ళలాంటి లోహపు కొక్కేలతో బిగించినవే తీసుకోండి. కుప్పెలు చేతిలో ఊపి చూడండి. బరువనిపిస్తే పూలజడ బరువుకు అది కూడా తోడై సాయంత్రానికి పిల్ల తలనొప్పి అంటుంది.

ఫ్యాన్సీ దుకాణం
టీచరు గారూ, జిగురంతా చెడ్డది కాదండి. ఒక్కరోజు పెళ్ళికి అది చాలు. ఏటా వాడుకునేదైతే మీ మాటే నా మాట.

ప్రశ్న వేసిన తల్లి
అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మరి సవరం? అసలు జుట్టే అని అమ్మేవాడు ఒట్టేసి చెబుతున్నాడు.

టీచరు
ఒట్టు ఎందుకమ్మా, రెండు పోగులు అడిగి తెచ్చుకోండి. ఇంట్లో పళ్ళెంలో పెట్టి కాల్చండి. అసలు జుట్టయితే కమురు వాసన వస్తుంది, మిగిలినది నలిపితే పొడి అవుతుంది. నైలానయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. చల్లారాకే ముట్టుకోండి. పూలజడ కింద దాగేదానికి నైలానయినా ఫరవాలేదు, రంగు కలిస్తే చాలు.