గుండెపోటులో లేజర్: అందరికీ చేయాలా?

ఉదయరేఖ:
గుండెపోటు వచ్చినవాళ్లకి మూసుకుపోయిన రక్తనాళంలోకి లేజర్ క్యాథెటర్ (సన్నని గొట్టం) పంపి, గడ్డను ఆవిరి చేస్తారని ఈమధ్యే తెలిసింది. మా నాన్నగారికి బెలూన్, స్టెంట్ మాత్రమే వేశారు. లేజర్ అంత మంచిదైతే ముందు అదే అందరికీ ఎందుకు చేయరు?

క్యాథ్‌ల్యాబ్‌మిత్ర:
నేను గుండె నాళాల చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్ని. ఇది మంట పెట్టి కాల్చే లేజర్ కాదండీ. ఎక్సైమర్ లేజర్, 308 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. సుమారు 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) లోతు దాటి పోదు. కాంతి వదిలేటప్పుడు సెలైన్ పంపుతూనే ఉండాలి. రక్తమో, కాంట్రాస్ట్ మందో (ఎక్స్‌రేలో నాళాలు కనపడటానికి ఎక్కించేది) మిగిలితే అవి కాంతిని పీల్చుకుంటాయి, నాళం గోడ చీలే ప్రమాదం ఉంది.

గడ్డ పెద్దదైతే బెలూన్ ఊదగానే ముక్కలు కిందికి జారి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. పెద్ద నాళం తెరుచుకున్నా కండరానికి రక్తం అందదు. నో రీఫ్లో అంటాం. అలాంటి కేసుల్లో లేజర్ తర్వాత రక్తం పారడం కళ్లారా చూశాను. 2004లో వచ్చిన కార్మెల్ అధ్యయనంలోనూ 151 మందిలో 95 శాతం మందికి పరికరం పనిచేసింది. నా ఓటు లేజర్‌కే.

నిదానం:
కార్మెల్‌లో పోల్చి చూడటానికి లేజర్ లేని రెండో గుంపు లేదు. పరికరం పనిచేయడం వేరు, మనిషి బతకడం వేరు.

గడ్డను గొట్టంతో పీల్చి తీసే పద్ధతికి ఏమైందో చూడండి. 2008లో తపాస్ అనే పరీక్షలో (రోగులను రెండు గుంపులుగా పోల్చే అధ్యయనం) 1071 మందిని చూస్తే, ఏడాదిలో గుండె సంబంధ మరణాలు గడ్డ పీల్చి తీయించుకున్నవాళ్లలో 3.6 శాతం, మిగతావాళ్లలో 6.7. చాలా చోట్ల మొదలుపెట్టేశారు. 2015లో 10,732 మందితో టోటల్ పరీక్ష వచ్చింది. మామూలుగా అందరికీ చేస్తే లాభం కనపడలేదు. పైగా 30 రోజుల్లో స్ట్రోకులు (పక్షవాతం) 0.3 నుంచి 0.7 శాతానికి పెరిగాయి. గడ్డ తీస్తే మంచిదే కదా అని అప్పుడూ అందరం అనుకున్నాం! గుండెపోటులో లేజర్‌కి అంత పెద్ద పరీక్ష ఇంకా జరగలేదు.

క్యాథ్‌ల్యాబ్‌మిత్ర:
టోటల్ సంగతి ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఉంది: లేజర్ యంత్రం వేడెక్కి సిద్ధమయ్యేదాకా ఆగాలి. గుండెపోటులో ప్రతి నిమిషానికీ కండరం చచ్చిపోతుంటుంది. కాబట్టి అందరికీ అనను. కానీ బెలూన్ వేసినా గడ్డ కదలని మనిషి టేబుల్ మీద ఉంటే, పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఆగమని మాత్రం అనలేను.

నిదానం:
ఆ మనిషికి నేనూ వద్దనను. చేయి తిరిగిన డాక్టరు ఉంటేనే. రేఖగారూ, నాన్నగారికి స్టెంట్‌తో రక్తం బాగా పారిందంటే లేజర్ చేయకపోవడం లోపం కాదండీ.