ఇంగ్లిష్ జాతీయాలు: అర్థం తెలుసు, వాడటం ఎలా?

ప్రశ్న, కొత్త అభ్యాసి:
ఇంగ్లిష్ జాతీయాల పట్టికలు చాలానే చదివాను. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే బాగా తేలికైన పని అని, ‘అండర్ ద వెదర్’ అంటే ఒంట్లో నలతగా ఉండటమని చెప్పగలను. కానీ ఎక్కడ వాడాలో, అందులోని మాటలను అటూ ఇటూ మార్చవచ్చో లేదో తేలడం లేదు. ‘కిక్ ద బకెట్’ పక్కన ‘చనిపోవు’ అని మాత్రమే ఉంది. సంతాపం తెలిపే ఉత్తరంలో రాయవచ్చా?

జవాబు, అనువాదకురాలు:
దయచేసి రాయకండి. ‘కన్నుమూశారు’ అనవలసిన చోట ‘బాల్చీ తన్నేశాడు’ అంటే ఆ కుటుంబం ఎంత నొచ్చుకుంటుంది! రెండు భాషల్లోనూ బాల్చీ ఒకటే, చులకనా ఒకటే. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వెలువరించిన వీధి భాష నిఘంటువులోనే ఈ మాట ఉంది. ఉత్తరంలో ‘పాస్డ్ అవే’ అని రాయండి.

మాటలు మార్చడం గురించి అడిగారు, అది చాలా మంచి ప్రశ్న. ‘స్పిల్ ద బీన్స్’ అంటే గుట్టు బయటపెట్టడం. దాన్ని కర్మణి ప్రయోగంలోకి తిప్పి ‘ద బీన్స్ వర్ స్పిల్డ్’ అన్నా అర్థం నిలుస్తుంది. ‘ద బకెట్ వజ్ కిక్డ్’ అంటే మాత్రం చావు ఊసే ఉండదు, ఎవరో నిజంగా బాల్చీని తన్నినట్టు వినిపిస్తుంది. ఎందుకంటే బీన్స్ గుట్టుకూ, స్పిల్ బయటపెట్టడానికీ సరిపోతాయి. చావులో బకెట్‌కు విడిగా ఏ వాటా లేదు. కొత్త జాతీయం ఎదురైనప్పుడల్లా నేను చూసేది ఇదే: ఏ మాటకు ఏ అర్థం అప్పగించగలను? అప్పగించలేకపోతే కాలం ఒక్కటే మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు వాడతాను.

మరో సభ్యుడు:
ప్రతి పట్టికలోనూ ఉండే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ (కుండపోతగా వాన కురవడం) సంగతి?

అనువాదకురాలు:
చదివితే అర్థమయ్యేలా నేర్చుకోండి, చాలు. మాట్లాడేటప్పుడు ‘ఇట్స్ పోరింగ్’ సహజంగా ఉంటుంది. ఇంటికప్పుల మీది నుంచి పిల్లులూ కుక్కలూ జారిపడేవన్న పుట్టుక కథ చాలా చోట్ల తిరుగుతోంది, దానికి ఆధారం లేదు.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ‘బైట్ ద బులెట్’. పంటి బిగువున భరించడం అని పట్టికలు చెబుతాయి. వాడుకలో ఎక్కువగా వినిపించేది వేరు: ఇష్టం లేక వాయిదా వేస్తూ వచ్చిన పనికి ఇక పూనుకోవడం. పంటి నొప్పిని ఓర్చుకోవడం కాదు, పన్ను తీయించుకోవడానికి సిద్ధపడటం.

కొత్త అభ్యాసి:
‘లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’కు మీ పద్ధతి పట్టి చూశాను. పిల్లి గుట్టు, సంచి దాన్ని దాచిన చోటు. అయితే ‘ద క్యాట్ ఈజ్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’ అనవచ్చు కదా?

అనువాదకురాలు:
అనవచ్చు, తరచుగా అంటారు కూడా. బహువచనం మాత్రం చేయకండి. బయటపడిన గుట్టులు ఎన్నయినా పిల్లి ఒక్కటే.