లావు ఫాంటులో రాయలవారి పద్యం: ‘తె’యా, ‘దె’యా?

కొత్తబ్యానరు: మా సంఘం వార్షికోత్సవానికి బ్యానరు చేస్తున్నాను. పైన రాయలవారి బొమ్మ, కింద పాతకాలపు కళ ఉన్న లావాటి అక్షరాల్లో పద్యం. సిలికానాంధ్రవాళ్ల ‘శ్రీకృష్ణదేవరాయ’ ఫాంటు పెట్టాను. చివరి పాదం ‘దేశభాషలందు తెలుగు లెస్స’ సరే, మొదలు మాత్రం ‘జనని సంస్కృతంబు’ అనే నోటికొస్తోంది. రాయలది ఇదేనా?

యతిప్రియ: అది వల్లభరాయుడి పేర ఉన్న కావ్యం క్రీడాభిరామంలోది. రాయలది ‘తెలుఁగదేల యన్న’. అది అలా ఉంచి, మీరు ‘అందు తెలుగు’ అని కొట్టారు. ‘అందుఁ దెలుఁగు’ అని దిద్దండి. అందున్ ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం ఉన్న పదం; దాని మీది పరుషం ‘త’ సరళం ‘ద’ కావాలి. దే–దె యతి, పాదం మొదటి అక్షరంతో లోపలి అక్షరం పొందిక, ఎంత ముచ్చటగా ఉందో!

పాతప్రతి: యతికైతే ‘తె’ ఉన్నా నష్టం లేదు. త, దలకు మైత్రి ఉందిగా. సంధి అనండి, ఒప్పుకుంటాను. యతిని సాక్ష్యానికి పిలవకండి.

యతిప్రియ: చెడుతుందని నేనన్నానా? ముచ్చటగా ఉందన్నాను.

అరసున్న: ఇద్దరూ అసలుది వదిలేశారు. ‘అందు’ చివర నిండుసున్న పెడితే ‘లందుం’ రెండు గురువులై, గురువు, లఘువులతో ఉండాల్సిన సూర్యగణం పోతుంది. ఈ పద్యం ఆటవెలది, ఆ ఛందస్సు నిలవాలంటే అరసున్నే గతి. ఇక ‘తెలుఁగు’లోది పాత నిండుసున్న మిగులు. తమిళులు ఇప్పటికీ ‘తెలుంగు’ అనే అంటారు.

పాతప్రతి: క్రీడాభిరామంలో అదే చోట ‘తెనుఁగు’. గణం అదే, యతి అదే. ‘ను’, ‘లు’ల తగవు తేల్చి చెప్పండి చూద్దాం. ఆ కావ్యం శ్రీనాథుడిదేనని నా నమ్మకం, అది వేరే సంగతి.

యతిప్రియ: మొదలైంది! వల్లభరాయుణ్ణి బతకనివ్వండి.

తాటాకు: ‘పాతకాలపు కళ’ దగ్గర నాకు పేచీ ఉంది. తాటాకు మీద గంటంతో గీస్తే గీత మందం అంతటా ఒకటే. ఈ లావూసన్నం సొగసులు ఆకు మీద రావు. లావాటి పాత అక్షరమంటే జర్మన్లది, ఫ్రాక్టూర్. మాక్సిమిలియన్ చక్రవర్తి తన కథను కావ్యంగా కట్టించి 1517లో ఆ అక్షరాల్లోనే అచ్చువేయించాడు. తోకలూ మెలికలూ చూసి, అది అచ్చు కాదు, చెక్క మీద చెక్కారేమోనని అనుమానపడ్డవాళ్లున్నారు. మన రాయలు 1509లో గద్దెనెక్కాడు. ఇద్దరూ ఒకే కాలం రాజులు, ఇద్దరికీ కావ్యపిచ్చి. అక్కడ అచ్చు, ఇక్కడ ఆకు.

కొత్తబ్యానరు: ‘ధూర్జటి’ అని ఇంకో ఫాంటుంది. అది పెట్టనా?

అరసున్న: రాయల పద్యం ధూర్జటి అక్షరాల్లోనా! ‘రాజుల్ మత్తులు వారి సేవ నరకప్రాయంబు’ అన్నవాడయ్యా ఆయన.

యతిప్రియ: ‘ధూర్జటి పల్కులకేల కల్గెనో యతులిత మాధురీమహిమ’ అని రాయలే మెచ్చుకున్నాడన్న చాటువు, నోటినోటా తిరిగే విడిపద్యం, మరిచారా? పెట్టుకోనివ్వండి.

పాతప్రతి: చాటువులు సాక్ష్యాలైతే నా శ్రీనాథుడికీ బోలెడున్నాయి. అయినా ధూర్జటి కాళహస్తీశ్వర శతకం ముందు ఏ రాజు పద్యం నిలుస్తుంది?

కొత్తబ్యానరు: అయ్యా, ప్రెస్సువాడు సాయంత్రంలోగా ఫైలు కావాలంటున్నాడు. ‘తె’యా, ‘దె’యా?

తాటాకు: ముందు ఆ లావు ఫాంటులో అరసున్న ఎలా పడుతోందో ఫొటో పెట్టండి.