కాల్షియం, డీ3, గ్లూకోసమైన్: ఏది ఏ పూట వేయాలి?

లబ్బీపేట_లక్ష్మి: అత్తయ్యగారికి 60 ఏళ్లు. థైరాయిడ్ మాత్ర (థైరాక్సిన్), గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ రోజూ పడతాయి. ఇప్పుడు మోకాళ్లకి కాల్షియం, విటమిన్ డీ3, కీళ్ల అరుగుదలకి ఇచ్చే గ్లూకోసమైన్ రాశారు. పొద్దున్నే అన్నీ కలిపి వేసేయొచ్చా?

అరండల్‌పేట_మెడికల్స్: వద్దమ్మా. థైరాక్సిన్ పరగడుపున, మంచినీళ్లతోనే. కాల్షియానికీ దానికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి పడితే కాల్షియం దాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. తర్వాత రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలట్లేదని చెప్పే అంకె) పెరిగిందని డోసు పెంచుతారు, తప్పేమో వేళది! ఐరన్ మాత్ర ఉంటే అది ఇంకో పూట.

స్ట్రిప్ వెనక చదవండి. కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని పెద్దగా, ఎలిమెంటల్ కాల్షియం (అంటే అందులోని అసలు కాల్షియం) 500 మి.గ్రా. అని చిన్నగా ఉంటుంది. లెక్కకొచ్చేది ఆ 500 మాత్రమే. ఒక్కసారికి అంతకు మించి వేస్తే పేగు పీల్చుకునే శాతం పడిపోతుంది. కార్బొనేట్ కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి, అందుకే అన్నం తిన్న వెంటనే వేసుకోమంటారు. పాంటోప్రజోల్ ఆ యాసిడ్‌నే తగ్గిస్తుంది కదా, కాబట్టి సిట్రేట్ రకానికి మార్చమని డాక్టరుగారిని అడగండి. అందులో కాల్షియం 21 శాతమే, మాత్ర లావు, కానీ తిన్నా తినకపోయినా పడుతుంది.

కృష్ణలంక_కిట్టు: డీ3 60,000 యూనిట్లదా? అది మామూలుగా వారానికి ఒకటి, 8 వారాలు. చీటీ సరిగ్గా చూడక రోజుకొకటి వేసేసేవాళ్లున్నారు. అలా వేస్తే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీల మీదికొస్తుంది. క్యాలెండర్‌లో ఆదివారాలకి సున్నా చుట్టండి. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి భోజనం తర్వాతే.

బ్రాడీపేట_రావు: గ్లూకోసమైన్ మీద నాకంత నమ్మకం లేదు. 2006లో అమెరికాలో వచ్చిన గైట్ పరిశోధనలో రోజుకి 1500 మి.గ్రా. గ్లూకోసమైన్, దానితో కలిపి అమ్మే కాండ్రాయిటిన్ 1200 మి.గ్రా. 24 వారాలు ఇచ్చి చూశారు. మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకంటే పెద్దగా మెరుగు కనపడలేదు. 2019లో అక్కడి కీళ్ల డాక్టర్ల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ) మోకాలి అరుగుదలకి వాడొద్దనే చెప్పింది. వాడితే మూడు నెలలు చూడండి, తేడా లేకపోతే డబ్బు దండగ. ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచే తీస్తారు, అవి పడనివాళ్లు జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకి ఐఎన్ఆర్ పెరగొచ్చు, అంటే రక్తం ఇంకా పలచబడొచ్చు.

దుగ్గిరాల_పసుపు: మోకాళ్ల నొప్పికి పసుపు పాలు తాగేవాళ్లున్నారు కాబట్టి మా సరుకు గురించీ చెప్తా. పసుపులో అసలు పనిచేసే పదార్థం కర్కుమిన్ సుమారు 3 శాతం. క్యాప్సూల్‌లోని 500 మి.గ్రా. పాలల్లో రావాలంటే అయిదారు చెంచాల పసుపు పోయాలి. చిటికెడు రుచికే!

లబ్బీపేట_లక్ష్మి: రాగిజావ సరిపోదా అండీ?

అరండల్‌పేట_మెడికల్స్: 100 గ్రా. రాగిపిండిలో కాల్షియం 350 మి.గ్రా. దాకా ఉంటుంది, కానీ గ్లాసు జావకి పట్టేది 30 గ్రాములే. అంటే వంద. గ్లాసు పాలల్లో 240. ముట్లు ఆగిన ఆడవాళ్లకి రోజుకి 1200 కావాలి. తిండిలో వచ్చేది తీసేసి, మిగతాదానికే మాత్ర.

వినుకొండ_వాసు: మా పల్నాడు పక్క బోరునీళ్లు తాగేవాళ్లయితే, నడుమూ మెడా బిగుసుకుంటుంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, అది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కావచ్చు. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మి.గ్రా. దాటకూడదు. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ ఒక దారి.